బాస్ వినాలంటే హైదరాబాద్ బస్సెక్కాల్సిందేనా?

గ్యారేజ్ అనే లండన్ డాన్సు సంగీతపు దరువుకు, అక్కడే పుట్టిన డబ్‌స్టెప్ అనే మరో సంగీతంలోని లోతైన బాస్ (మంద్ర స్వరాలు) కలిపిన పాటలు మళ్లీ వరసగా విడుదలవుతున్నాయి. బెజవాడ, గుంటూరు కుర్రాళ్లూ వింటున్నారు, ఫోన్లో. నా బాధంతా అక్కడే. ఈ సంగీతంలో అసలు సరుకు 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉంటుంది (హెర్ట్జ్ స్వరస్థాయికి కొలత, అంకె తగ్గేకొద్దీ స్వరం మంద్రం). ఫోన్ స్పీకర్ ఆ దరిదాపులకు కూడా పోదు. అంటే మనవాళ్లకు అందుతున్నది సగం పాటే.

ఆ సగంలో ఏం పోతోందో చూడండి. గ్యారేజ్ నిమిషానికి సుమారు 130 బీట్లతో నడుస్తుంది. అందులో టూ-స్టెప్ అనే పద్ధతిలో ప్రతి బీటుకీ కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడదు. పడుతుందని కాలు ఎదురుచూసిన చోట ఖాళీ ఉంటుంది. డబ్‌స్టెప్ వేగం 140. అయితే స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) మూడో బీటు మీద మాత్రమే కొడుతుంది కాబట్టి ఒంటికి 70లా అనిపిస్తుంది. రెండూ కలిస్తే పైన హై-హ్యాట్లు (డ్రమ్ సెట్‌లోని తాళాలు) పరుగులు తీస్తుంటాయి, కింద బాస్ తాపీగా కదులుతుంటుంది. ఏ వేగానికి ఊగాలో ఒళ్లే తేల్చుకోవాలి. ఆ కింది అంతస్తు తీసేస్తే మిగిలేది టిక్కు టిక్కు మాత్రమే.

మన ఊళ్లో డీజేలు లేరా అంటారు. నిమజ్జనం ఊరేగింపులో లారీ మీద బాక్సులు కట్టి కొడితే కొట్ల షట్టర్లు దడదడలాడతాయి, ముసలివాళ్లు గుండె పట్టుకుంటారు. అది మోత, బాస్ కాదు. ఆ మోతను పట్టుకోవాల్సిన చట్టం కూడా సరిగ్గా వినదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. ఆ కొలతకు వాడే ఏ-వెయిటింగ్ అనే లెక్కలో, అంటే చెవికి వినిపించే తీరును బట్టి శబ్దాన్ని సవరించే పద్ధతిలో, 50 హెర్ట్జ్ శబ్దం అసలుకన్నా 30 డెసిబెళ్లు తక్కువగా నమోదవుతుంది. పక్కింటాయన ఛాతీకి తగిలిన దెబ్బ మీటరుకు దాదాపు ఆనదు. కింది స్వరాల గురించి వాయించేవాళ్లూ ఆలోచించలేదు, కొలిచేవాళ్లూ ఆలోచించలేదు.

ఇది మన సంగీతం కాదు, పరాయి మోజు అనేవాళ్లున్నారు. హార్మోనియం ఎక్కడిది? అది లేకుండా తెనాలి పద్య నాటకాన్ని ఊహించగలమా? వయొలిన్ లేని కచేరీ ఉందా? మంచి వాయిద్యం ఎక్కడిదైనా తెచ్చుకుని సొంతం చేసుకోవడం మనకు తెలిసిన విద్యే.

నన్ను ఎక్కువగా కదిలించే సంగతి వేరే ఉంది. డబ్‌స్టెప్ లండన్ నడిబొడ్డున పుట్టలేదు, దక్షిణాన శివారు క్రాయిడన్‌లో పుట్టింది. అక్కడ బిగ్ యాపిల్ అనే రికార్డుల కొట్టు ఉండేది. స్క్రీమ్, బెంగా అనే ఇద్దరు కుర్రాళ్లు మీసాలు రాని వయసులో ఆ కొట్టు చుట్టూ తిరుగుతూ, ఇంట్లో కంప్యూటర్ మీద ఫ్రూటీ లూప్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటలు కట్టారు. 1994 నుంచి లైసెన్సు లేకుండానే నడిచిన రిన్స్ ఎఫ్ఎం అనే రేడియో ఆ పాటల్ని ఊరంతా వినిపించింది. 2005లో మాలా, కోకి, లోఫా అనే డబ్‌స్టెప్ కళాకారులు దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో డీఎంజెడ్ పేరుతో సంగీత సాయంత్రాలు మొదలుపెట్టి, పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చే జమైకా సౌండ్ సిస్టమ్ పద్ధతిలో బాస్‌ను ఒంటికి తగిలేలా వినిపించారు. ఒక కొట్టు, ఒక రేడియో, ఒక హాలు. అంతకుమించి పెట్టుబడి లేదు.

మనకు లాప్‌టాప్‌లున్నాయి, కుర్రాళ్లున్నారు, ఆ మూడూ లేవు. అందుకే కాస్త చెయ్యి తిరిగినవాడు హైదరాబాద్ బస్సెక్కుతున్నాడు. ఒకప్పుడు మద్రాసు రైలెక్కాం, ఊరి పేరు మారిందంతే. ఈ ఊరికి ఆ గతి పట్టాల్సిన పని లేదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో తెలుగు ఇళ్లకు తెల్లవారేది. బాలమురళీకృష్ణ ఇక్కడి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశారు. అప్పుడు ఇక్కడ తయారైన పాటను రాష్ట్రం వింది.

కాబట్టి కార్పొరేషన్లను అడుగుతున్నాను. బెజవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం నెలకో సాయంత్రం ఈ కుర్రాళ్లకు ఇవ్వండి. రాత్రి 10 లోపే ముగించమనండి. లారీల మీది బాక్సులు కాకుండా, 40 హెర్ట్జ్ దాకా శుభ్రంగా పలికే సబ్ వూఫర్లు (బాస్ కోసమే చేసిన స్పీకర్లు) అద్దెకు తెప్పించండి. బెజవాడలో ఘంటసాల పేరున్న సంగీత కళాశాల కూడా సౌండ్ ఇంజినీరింగ్‌కు ఒక గది కేటాయించాలి. ఇదేమీ ప్రత్యేక బడ్జెట్ పెట్టాల్సినంత ఖర్చు కాదు, వచ్చే నెలే మొదలుపెట్టొచ్చు.