30 డిగ్రీలు సరే, దేనికి 30?

నిన్న పొద్దున సెలూన్ తెరిచేసరికి ఒక కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుడి దవడ ఎముక మీద గాటు, దానికి అంటుకుపోయిన టిష్యూ ముక్క. ఆన్‌లైన్‌లో ఉస్తరా, అంటే మంగలి కత్తి, కొనుక్కున్నాడట, వీడియో చూసి తనే గీసుకున్నాడట. "అన్నా, వీడియోలో వాళ్లు చెప్పినట్టే కత్తిని 30 డిగ్రీల కోణంలో పెట్టాను. అస్సలు కదపలేదు" అన్నాడు.

కదపకపోవడం వల్లే తెగింది. సన్నటి మొహం తనది, చెంపలు లోపలికి ఉంటాయి. పైనుంచి గీసుకుంటూ వస్తే దవడ ఎముక దగ్గర చర్మం బయటికి పొడుచుకొస్తుంది. చెయ్యి అలాగే బిగబట్టి ఉంచితే చెంప మీద 30 ఉన్న కోణం అక్కడ 50 అయి కూర్చుంటుంది. వాదర, అంటే కత్తి పదును అంచు, నేరుగా చర్మంలోకి దిగుతుంది. దవడ దాటాక చర్మం మళ్లీ లోపలికి తిరుగుతుంది. అదే చెయ్యి అక్కడ 10కి పడిపోయి, వెంట్రుకను కోయకుండా పీకుతుంది. 30 అనేది ఎదురుగా ఉన్న గోడకో అద్దానికో లెక్క కాదు, కత్తి కింద ఆ క్షణాన ఉన్న చర్మానికి లెక్క. ఆ వీడియోల్లో ఈ ఒక్క మాట చెప్పకుండా అంకె మాత్రం చెప్పి వదిలేస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంకో విషయం కూడా కలిపేస్తున్నారు. "కత్తి వెనక మొద్దు వైపుకీ చర్మానికీ మధ్య ఆ మొద్దు మందమంత సందు ఉంచండి, రెండు మందాలు దాటనివ్వకండి" అంటారు. మంచి కొలతే, కానీ అది పాత పెద్ద కత్తికి. ఆ కత్తిని సాన రాయి మీద పడుకోబెడితే మొద్దు వైపు, వాదర రెండూ రాయికి ఆనుతాయి. అంటే సాన పట్టే కోణం కత్తి తయారీలోనే ఉంది, గీసేటప్పుడు కూడా ఆ మందమే కొలబద్ద అవుతుంది. మీరు కొనుక్కుంటున్నది అది కాదు. సగం బ్లేడు విరిచి దూర్చే పిడి. దాని రేకు మందానికీ బ్లేడు పదునుకీ సంబంధమే లేదు. పైగా కొత్త బ్లేడు చాలా పదును, పిడి చాలా తేలిక, తప్పు చేస్తే క్షమించదు. హెచ్‌ఐవీ భయం మొదలయ్యాక మా నాన్న తన పెద్ద కత్తిని, తోలు పట్టీని పెట్టెలో పెట్టేసి ఈ పిడికి మారారు. అంత అనుభవం ఉన్న మనిషికి కూడా చెయ్యి మళ్లీ కుదురుకోవడానికి నెలలు పట్టింది.

మరి కోణం ఎలా దొరుకుతుంది? నాకు నేర్పిన పద్ధతి చెబుతాను. గోరువెచ్చని నీళ్లతో గడ్డం రెండు మూడు నిమిషాలు నాననివ్వండి, నురగ బాగా పట్టించండి. రెండో చేత్తో చెవి ముందు చర్మాన్ని పైకి లాగి పట్టుకోండి. చర్మం వదులుగా ఉంటే ఏ కోణమూ నిలవదు, అది కత్తి ముందు అలలా లేస్తుంది. ఇప్పుడు బ్లేడును చెంపకి దాదాపు పడుకోబెట్టండి. ఆ స్థితిలో అది తెగదు, జారుతుంది. వెంట్రుకలు వాలిన వైపే గోరంత దూరం గీస్తూ, వెనక వైపును కొంచెం కొంచెం లేపండి. ఒక చోట పీకడం ఆగి, సన్నగా 'సర్' మని శబ్దం మొదలవుతుంది. అదే మీ కోణం. ఇంకా లేపితే శబ్దం గరగరలోకి మారుతుంది, చర్మం గీరుకుపోతుంది. తర్వాత పటిక రుద్దినప్పుడు ఎక్కడ మండితే అక్కడ ఎక్కువ లేపారన్నమాట, లేదా నొక్కారన్నమాట. బరువు అసలు వెయ్యకూడదు.

మా నాన్న నన్ను ఫ్యాను కట్టేసి గీయమనేవారు, శబ్దం వినపడాలని. కస్టమర్ మొహం ముట్టుకోనివ్వడానికి ముందు నా పిక్కల మీదే గీయించారు.

దవడ కిందకి వెళ్లేటప్పుడు చర్మాన్ని పైకి లాగి, కింద వెంట్రుకల్ని చదునైన చెంప మీదకి తెచ్చుకోవాలి. గొంతు ముడి దగ్గర చర్మాన్ని పక్కకి జరిపి గీయాలి, ముడి మీద కాదు. గడ్డం బుడిపె మీద వేలెడంత గీతలోనే మూడుసార్లు మణికట్టు తిప్పాలి. ఎక్కడైనా సరే, బ్లేడును వాదర పొడుగునా పక్కకి జరపొద్దు. కూరగాయ తెగేది అలాగే, చర్మం తెగేదీ అలాగే.

1904లో జిలెట్‌కి పేటెంటు వచ్చిన సేఫ్టీ రేజర్‌లో అసలు గొప్పతనం ఇదే అనుకుంటాను. చేతికి ఉండాల్సిన కోణాన్ని పనిముట్టులో పెట్టేశారు. అందుకే అది వాడినవాళ్లకి మా పని "గీకడమే కదా" అనిపిస్తుంది. ఆ మాట మా నాన్న ముందే అనేవాళ్లు, ఆయన నవ్వి ఊరుకునేవారు. నేను ఊరుకోను. తల తిప్పి మాట్లాడే మనిషి గొంతు మీద, నిమిషానికి పదిసార్లు కోణం మారుస్తూ చుక్క రక్తం రాకుండా గీయడం విద్యే.

ఆ కుర్రాడికి పటిక పెట్టి పంపాను. వారం పాటు రెండు చెంపలు మాత్రమే ఉస్తరాతో గీసుకోమని, దవడ నుంచి కిందకి మామూలు రేజర్ వాడమని చెప్పాను. వచ్చే ఆదివారం వస్తే దవడ చూపిస్తాను.