సీసానికి అడ్డం చోడి అంబలి

శ్రీకాకుళం సంతలో పసుపు కొనేటప్పుడు మనం చూసేది రంగే. ఎంత మెరిస్తే అంత మంచి సరుకు అనుకుంటాం. ఆ మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీగాళ్ల సంగతి కొత్తేం కాదు. అందులో ఉండేది సీసం. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకూ పర్వాలేదు అనుకోడానికి వీల్లేని విషమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

కల్తీని అధికారులు పట్టుకోవాలి, సరే. ఈలోగా మన చేతిలో ఉన్నది చోడి అంబలి. (బయటివాళ్లు రాగులంటారు, మనకు చోళ్లే.)

ఇది నాటువైద్యం కాదు. క్యాల్షియం, ఇనుము ఒంట్లోకి వెళ్లే దారిలోనే సీసం కూడా దొంగలా దూరుతుంది. ఆ రెండూ తక్కువైన పిల్లలకు సీసం ఎక్కువ పడుతుంది. అసలే పెద్దల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ పట్టే వయసు. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైనే క్యాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో 10 దాటడమే కష్టం. చోళ్లలోని ఫైటేట్లనే పదార్థాలు ఆ క్యాల్షియాన్ని పూర్తిగా అందనివ్వవు, నిజమే. అందుకే కదా రాత్రి పిండి కలిపి పులియబెట్టి తెల్లారి కాచేది! పులిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. ఆ పేరు వినకుండానే మా అమ్మమ్మ ఆ పని చేసేది. పక్కన మునగాకు కూర, ఓ ఉసిరికాయ ఉంటే ఆకులోని ఇనుమూ బాగా వంటబడుతుంది.

తిండితో మెదడు బాగుపడుతుందా అని వెక్కిరించేవాళ్లు 2023లో వచ్చిన అమెరికా పరిశోధనను చూపిస్తారు. ఆకుకూరలు, బెర్రీలు ఎక్కువగా ఉండే ఆహారం మూడేళ్లు తిన్నా పెద్ద తేడా రాలేదని. అది 65 దాటినవాళ్ల జ్ఞాపకశక్తి లెక్క. పాకే పిల్లాడి ఒంట్లోకి సీసం వెళ్లకుండా చూడటం వేరే లెక్క. వెళ్లిపోయిన సీసాన్ని అంబలి కడిగేస్తుందని నేనూ అనడం లేదు.

నా కోపం రేషన్ డిపో మీద. 1983లో రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది, కాదనను. కానీ ఆ బియ్యమే మన కంచంలోంచి చోళ్లను నెట్టేసింది. 2023లో బళ్లలో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలెట్టారు, మంచిదే. మెదడు వేగంగా ఎదిగేది బడికి రాకముందు కదా! నెలనెలా బియ్యంతో పాటు చోళ్లూ కార్డు మీద ఇవ్వాలి. ఎక్కడినుంచో తేనక్కర్లేదు. సాలూరు, పాచిపెంట కొండల్లో ఇంకా పండిస్తున్నారు, వాళ్ల దగ్గరే కొనండి.