ఊహించుకున్న ప్రేయసి, ఊహించుకున్న సీమ

1993లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన ‘ఎం. బటర్‌ఫ్లై’ చిత్రంలో బీజింగ్‌లోని ఫ్రెంచి రాయబార కార్యాలయ ఉద్యోగి ఒకడు ఒపేరా గాయనిని ప్రేమిస్తాడు; ఏళ్ల తరబడి ప్రియురాలనుకున్న వ్యక్తి పురుషుడనీ, గూఢచారి అనీ చివరకు న్యాయస్థానంలో బయటపడుతుంది. కట్టుకథలా తోచే దీనికి ఆధారం నిజంగా జరిగిన వ్యవహారమే. 1986లో పారిస్ న్యాయస్థానం అలాంటి జంటకే గూఢచర్య నేరం కింద చెరి ఆరేళ్ల శిక్ష వేసింది. అన్నేళ్లు ఎలా మోసపోయాడని అందరూ అడుగుతారు గానీ, గాయకుడు చేసిన మోసం కంటే ప్రేమికుడు తనకు తాను చేసుకున్నదే పెద్దదని మా అభిప్రాయం. తెల్లవాడి కోసం ప్రాణం తీసుకునే జపాను స్త్రీని 1904లోనే ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపేరా (పాటలతో సాగే నాటకం) ‘మదామా బటర్‌ఫ్లై’ రంగస్థలం మీద నిలబెట్టింది. సినిమాలో ఆ పాత్రను పాడుతున్నది చైనా మనిషన్న తేడా కూడా ఆ ఫ్రెంచి ఉద్యోగి మోహానికి అడ్డు రాలేదు.

ఈ కథ కర్నూలువారికి మరీ పరాయిదేమీ కాదు. మా సీమనూ తెర ఇలాగే ఊహించుకుంది: 1990ల చివరి నుంచి ఎన్నో తెలుగు సినిమా ప్రేమకథల్లో సుమోలు దుమ్ము రేపుతూ వస్తాయి, ఫ్యాక్షన్ ఇంటి పిల్ల ఎక్కడి నుంచో వచ్చే కథానాయకుడి చెయ్యి పట్టుకుని గడప దాటుతుంది. ఆమెకు సొంతంగా ఏం కావాలో అడిగే తీరిక కథకు ఉండదు. ఫ్యాక్షన్ అబద్ధమని మేము అనడం లేదు, దానికి బలైన ఇళ్లు ఈ జిల్లాలోనే ఉన్నాయి. కానీ 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించడంతో అంటుకున్న ‘దత్తమండలాలు’ అన్న పేరును అవమానంగా భావించి, 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’గా మార్చుకున్న నేల ఇది. అలాంటి నేల మీద నేటి కుర్రాళ్లు కొండారెడ్డి బురుజు ముందు మీసం మెలేసి, సినిమా డైలాగుకు పెదవులు కదుపుతూ రీల్స్ తీసుకుంటుంటే, చూసేవాడికి ఏం కావాలో తెలిసి వేషం కట్టిన ఆ గాయకుడే గుర్తుకొస్తాడు.

కోసిగి, ఆదోని వైపు పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) వెళ్లే కుటుంబాల్లో ప్రేమలు లేవా? తల్లిదండ్రులు సుగ్గిలో ఉండగా అవ్వ దగ్గర మిగిలిన పిల్ల, ఆదోని కాలేజీ బస్సులో ఎవరినో ఇష్టపడితే, అడ్డొచ్చేది వేటకొడవలి కాదు. కులం, అప్పు, కట్టని ఫీజు. వాటిని తెరకెక్కించడానికి ఒక్క సుమో కూడా అక్కరలేదు.