ఇంట్లో మాట్లాడుకోకుండా ఇది కుదరదు

జీతం, పదవి చూసి కాకుండా మనకు ఏది ముఖ్యమో ముందే తేల్చుకుని, దానికి తగ్గట్టు రోజును మలచుకోవాలని, విజయం అంటే ఏమిటన్న మీ వ్యాసంలో రాశారు. పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ మా విజయవాడలో విజయం అంటే ఏమిటో మనం తేల్చుకునేలోపే చుట్టాలు తేల్చేస్తారు. ర్యాంకుల హోర్డింగులు చూస్తూ పెరిగిన పిల్లలకు పదో తరగతి అవగానే ఎంపీసీయా, బైపీసీయా అన్నదే ప్రశ్న. ఆ తర్వాత హైదరాబాదు, అమెరికా, ఫ్లాటు. మధ్యలో ఎక్కడా "నీకేం కావాలిరా?" అని అడిగేవాళ్లు ఉండరు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

హార్వర్డ్‌లో 1938లో మొదలై 80 ఏళ్లకు పైగా సాగుతున్న అధ్యయనంలో, పెద్ద వయసులో ఆరోగ్యానికీ సంతోషానికీ మనుషులతో ఉండే దగ్గరితనమే పెద్ద ఆధారమని తేలింది. అది చదివాక నేను, మా ఆవిడ కూర్చుని మాట్లాడుకున్నాం. బెంగళూరు ప్రమోషన్ వద్దనుకున్నాను. అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు, ఆదివారాలు వాళ్ల దగ్గరే గడుపుతున్నాం. మా బావమరిది ఇప్పటికీ "తప్పు చేశావు బావా" అంటాడు. అతని లెక్క అతనిది.

ఒక్క విషయం మాత్రం వ్యాసంలో ఉండాల్సింది. ఈఎంఐలే జీతంలో సగం తినేస్తుంటే, ఇష్టమైన పని మాట ఎత్తాలన్నా టెన్షనే. సొంతిల్లు ఉండబట్టే మాకు సాధ్యమైంది. అందుకే లక్ష్యాలకంటే ముందు నెల ఖర్చుల లెక్క రాసుకోండి, ఎదిగిన పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని.