ఓడ ప్రయాణానికి సముద్రం అవసరమా?

క్రూయిజ్ అనగానే చాలామందికి సముద్రం గుర్తొస్తుంది. ఇది నిరాధారమైన నమ్మకం. ప్రజల్లో ఇంకా చలామణీలో ఉండటం విచారకరం. మొన్న స్ప్రింగ్ బ్రేక్‌కి నాలుగు కుటుంబాలం, పిల్లాపాపలతో పదహారు మందిమి, టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో ఓడెక్కాం. పొద్దున పదకొండు నుంచి రాత్రి రెండింటి దాకా, సముద్రాన్ని చూడటం ఒక్కటి తప్ప ఆ ఓడలో మేం చెయ్యని పని లేదు. ఎవరికీ ఏ లోటూ అనిపించలేదు. ఈ అనుభవాన్ని జాతి ముందు ఉంచడం నా ధర్మం.

డాలస్ నుంచి గాల్వెస్టన్ దాదాపు 290 మైళ్లు. తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరాలని తీర్మానించుకుని ఐదున్నరకు బయల్దేరాం. మన లెక్కలో అది తొందరపడటమే. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరని, సీలు తియ్యని ప్యాకెట్లయితే ఫరవాలేదని పద్నాలుగు నెలల ముందే అందరికీ తెలుసు. అయినా గుంటూరు వదిన పెద్ద ట్రే నిండా పులిహోర కలుపుకొచ్చింది. అన్నం పారేస్తే పాపం కదా. టెర్మినల్ పార్కింగ్‌లో డిక్కీ తెరిచి పదహారు మందిమీ నిలబడి తిన్నాం. డబ్బులు పోసి కొనుక్కున్న అంతులేని బఫే అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉంది. పులుపు బాగా పట్టింది. పల్లీలు మెత్తబడలేదు. అక్కణ్నుంచి నీళ్లు కనిపిస్తాయట గానీ, గాలికి పేపరు ప్లేట్లు ఎగిరిపోతున్నాయని అందరం అటు వీపు పెట్టి నిలబడ్డాం.

స్కానర్ దగ్గర మా వరంగల్ వాడి సూట్‌కేసు ఆగింది. లోపల మూడు కప్పుల రైస్ కుక్కర్. వంటకి వాడే కరెంటు సామాన్లేవీ గదుల్లోకి తేకూడదు, నిప్పు భయం. "పిల్లాడి కోసం" అన్నాడు వాడు. పిల్లాడికి పదిహేడేళ్లు, ఆరడుగులు. తనకేమీ సంబంధం లేనట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు. కుక్కర్ తీసుకుని, దిగేటప్పుడు ఇస్తామని చీటీ ఇచ్చారు. మావాడు ఆ చీటీని మడిచి పాస్‌పోర్టులో, వీసా పేజీకి ఎదురుగా పెట్టుకున్నాడు.

వీసా అంటే గుర్తొచ్చింది. ఈ ఓడ మెక్సికోలో కోజుమెల్ దాకా ఎందుకెళ్తుందో తెలుసా? బీచ్ కోసం అనుకుంటారు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఎగరేసే ఓడలు అమెరికా రేవుల మధ్య జనాన్ని చేరవెయ్యకూడదు. గాల్వెస్టన్‌లో ఎక్కించుకుని మళ్లీ గాల్వెస్టన్‌లోనే దించాలన్నా మధ్యలో ఏదో ఒక విదేశీ రేవు ముట్టుకుని రావాల్సిందే. పెద్ద క్రూయిజ్ ఓడలన్నీ దాదాపుగా బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టరైనవే. మా ఓడ వెనక కూడా బహామాస్ రాజధాని పేరు 'నసావ్' అని రాసుంది. ఏళ్ల తరబడి అమెరికాలోనే తిరుగుతూ, అమెరికా వాళ్లకే చాకిరీ చేస్తూ, బయటికెళ్లి వస్తేగానీ చెల్లుబాటు కాని బతుకు. "అంటే దీనికీ స్టాంపింగే కదరా" అన్నాడు వరంగల్ వాడు. మాలో ముగ్గురం హెచ్1బీ ఉద్యోగ వీసా మీదున్నాం, పాస్‌పోర్టులో కొత్త వీసా స్టాంపు పడాలంటే మేమూ దేశం దాటి వెళ్లి రావాల్సినవాళ్లమే. ఆ మాటతో ఓడ మీద సొంత తమ్ముడి మీద పుట్టేంత ప్రేమ పుట్టుకొచ్చింది.

లోపల అడుగుపెట్టాక అసలు సమస్య మొదలైంది. ఈ యాత్రని పద్నాలుగు నెలలుగా నడిపింది మా వాట్సాప్ గ్రూపు. ఎవరు ఏ రంగు చొక్కా వేసుకోవాలో కూడా అందులోనే ఓటింగు పెట్టాం. ఓడలో ఇంటర్నెట్‌కి విడిగా డబ్బులు కట్టాలి, అదీ డివైసుకింత చొప్పున. నాలుగు కుటుంబాలకీ కలిపి ఒక్కటి తీసుకుంటే చాలదా అన్నారు. గుంటూరు బావ తన ఫోన్ మీద తీసుకుని హాట్‌స్పాట్ ఇస్తానన్నాడు. చూడ్డానికి గొప్ప ఏర్పాటే. ఇంటర్నెట్ కావాలంటే బావ పక్కన ఉండాలి. బావ ఎక్కడున్నాడో తెలియాలంటే ఇంటర్నెట్ ఉండాలి. పాపం ఆయన పూల్ పక్కన కూర్చుని "అందరూ ఎక్కడున్నారు?" అని గంటకి నాలుగుసార్లు మెసేజి పెట్టాడు. అన్నిటికీ ఒకటే టిక్కు పడింది.

అందుకని పాత పద్ధతిలో "ఐదో ఫ్లోర్ లిఫ్టుల దగ్గర, ఒంటిగంటకి" అని నోటిమాటగా చెప్పుకున్నాం. ఓడకి ముందొక లిఫ్టుల గుంపు, వెనకొక లిఫ్టుల గుంపు ఉంటాయని ఎవరికి తెలుసు? రెండు జట్లుగా రెండు చోట్ల ముప్పావుగంట నిలబడి, అవతలివాళ్లకి బాధ్యత లేదని రెండు చోట్లా ఏకగ్రీవంగా తేల్చాం. ఇక నడవాల సంగతి. అటు నూరు తలుపులు, ఇటు నూరు తలుపులు, అన్నీ ఒకేలా ఉంటాయి. కొన్ని ఓడల్లో తివాచీ మీద బొమ్మచేపలు ఉంటాయి, అవి ఎప్పుడూ ఓడ ముందువైపుకే ఈదుతుంటాయి. మా ఓడలోనూ ఉన్నాయి. అది కనిపెట్టింది మా చిన్నది. ఎమ్మెస్సులు చేసిన నలుగురు పెద్దవాళ్లం తలొంచుకుని చేపల్ని చూసుకుంటూ నడిచాం. ఆ రోజు మేం సముద్రానికి సంబంధించి చూసింది ఏదైనా ఉందంటే, ఆ ఊలు చేపలే.

ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, ఏం చెయ్యాలో నేర్పే డ్రిల్ గురించి మాత్రం వేళాకోళం ఆడను. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో గిగ్లియో ద్వీపం దగ్గర కోస్టా కాంకోర్డియా రాయికి కొట్టుకుని 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కినవాళ్లకి డ్రిల్ మర్నాటికి పెట్టుకున్నారు. అప్పటి నిబంధన ప్రకారం 24 గంటల్లో జరిపితే సరిపోయేది. 2015 నుంచి ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో జరపాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మన జాగాకి చేరుకోవాలి. ఆశ్చర్యమేమిటంటే, పొద్దుట్నుంచీ దొరకని మా పదహారు మందీ ఒకేచోట, ఒకే టైముకి కలిసింది ఆ డ్రిల్‌లోనే. ప్రాణాపాయం గురించి ఓడ వాళ్లు చెప్తుంటే మేం "హమ్మయ్య, దొరికారు" అనుకున్నాం.

ఓడ కదిలేది నాలుగింటికని చెప్పారు. ఆదివారం. క్యాలెండర్ లెక్కన రాహుకాలం నాలుగున్నరకు మొదలు. అరగంట ముందే వెళ్లిపోతామని గుంటూరు వదిన సంతోషించింది. ఎవరో ప్రయాణికులు రావడం ఆలస్యమై నాలుగూ నలభైకి కదిలింది. లిఫ్టులో పన్నెండు తర్వాత పద్నాలుగు నొక్కే బటనుంది, పదమూడు లేదు. పదమూడు అరిష్టమని ఫ్లోరునే మాయం చేసిన మహానుభావులు రాహుకాలంలో లంగరెత్తడం అంతర్జాతీయ అవగాహనా లోపం తప్ప మరోటి కాదు. ఓడ కదిలినప్పుడు పై డెక్ మీద పాటలు, జనం చేతులూపడం, డాల్ఫిన్లు కూడా కనబడ్డాయట. ఆ సమయానికి ఒకరు డిన్నర్ టైము మార్పించుకునే క్యూలో, ఒకరు కిడ్స్ క్లబ్బు క్యూలో, ఒకరు అందని సూట్‌కేసు వెతుకులాటలో ఉన్నారు. నేను లిఫ్టులో ఉన్నాను, కరిగిపోతున్న మూడు ఐస్‌క్రీములు పట్టుకుని. కదిలిందని నాకు ఎవరో అమెరికన్ పెద్దావిడ చెప్పింది.

డ్రింక్స్ ప్యాకేజీ సంగతి క్లుప్తంగా. గదిలో ఒక పెద్దవాళ్లు కొంటే రెండో వాళ్లూ కొనాలని రూలు. వరంగల్ వాడి పుణ్యాన, టీ తప్ప ఏదీ తాగని వాళ్లావిడ పేరు మీద కూడా డబ్బులు పోయాయి. ఊరుకుంటుందా? పుదీనా దంచి వేసే మోహితోలు, మందు లేనివి, వరసగా తెప్పించుకుని తొమ్మిదోదాని దాకా వసూలు చేసింది. పదోది వచ్చేసరికి, ఇంక జన్మలో పుదీనా పచ్చడి చెయ్యనని ప్రకటించింది. నష్టం ఎవరిదో వరంగల్ వాడికి అర్థమయ్యేసరికి ఆలస్యమైంది.

రాత్రి ఒంటిగంటన్నరకి పిల్లలు పడుకున్నాక, పెద్దవాళ్లం ఎనిమిది మందిమి మా రేపల్లె వాడి గదిలో చేరాం. కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్. మేమంతా డబ్బులు మిగులుతాయని అలాంటివే తీసుకున్నాం. వాడు మాత్రం బాల్కనీ అదే ధరకి ఇస్తామన్నా వద్దన్నాడట. వాళ్ల నాన్న 1977 దివిసీమ ఉప్పెనప్పుడు రాత్రంతా తాటిచెట్టు పట్టుకుని ఉన్నాడు. గాల్వెస్టన్‌ని కూడా 1900లో తుఫాను ముంచేసి వేల మందిని పొట్టన పెట్టుకుంటే, ఆ తర్వాత సముద్రానికి అడ్డంగా గోడ కట్టుకున్నారని, అది ఇప్పుడు పది మైళ్లుందని దారిపొడుగునా చెప్పింది వాడే. మంచం మీద నలుగురు, కింద నలుగురు. మధ్యలో సీలు తీసిన గోంగూర సీసా, బఫే నుంచి తెచ్చిన బ్రెడ్డు.

ఎవరో రిమోట్ నొక్కితే ఒక చానెల్ తగిలింది. ఓడ ముందు బిగించిన కెమెరా ఏం చూస్తుందో అది ఇరవై నాలుగ్గంటలూ చూపిస్తారు. తెరంతా నలుపు. కుడివైపు చివర్న ఒక చిన్న దీపం, ఆయిల్ రిగ్గు కాబోలు, మెల్లగా జరుగుతోంది. రేపల్లె వాడు బ్రెడ్డు ముక్క చేతిలోనే పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ దూరం బావుందిరా" అన్నాడు.

"ఏమిటా నల్ల టీవీ, కట్టేసి పడుకోండి" అంది గుంటూరు వదిన.

"సముద్రం వదినా అది" అన్నాను.

"చూశాంగా. ఇంక కట్టేయ్."