కదలొద్దన్నాను

మొన్న రెండో శనివారం జరిగింది ఇది. మా బావ ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు, పక్కింటి సారు నేను గేటు దగ్గర కనబడితే చాలు నవ్వు ఆపుకోవడానికి దగ్గుతున్నాడు. ఊళ్ళో తిరిగే కథలో నేను ఇంకా పెద్ద వెధవగా తేలకముందే నేనే రాసుకుంటే నయం కదా.

అనంతపురంలో మా ఇంటి పెరట్లో, వేపచెట్టు కింద, నేను హాట్ రాడ్ (పాత కారును విప్పి, బరువు తగ్గించి, జోరుగా పోయేలా మార్చిన బండి) కడుతున్నాను. 1932లో ఫోర్డ్ కంపెనీ మామూలు జనం కొనగలిగే ధరకు వీ-8 ఇంజన్ కారు తెచ్చింది. అవి పాతబడి చవగ్గా దొరకడం మొదలయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్ళు మడ్‌గార్డులు, బంపర్లు పీకేసి, బరువు తగ్గించి, బండిని నేలకు దించి, ఎండిపోయిన సరస్సుల్లో పందేలు తోలారు. ఆ ఎండిపోయిన సరస్సుల ముక్క చదివిన రోజే నాకు పిచ్చి పట్టింది. ఎండిన చెరువులకు మా జిల్లాలో కరువా?

రోడ్డెక్కించే ఉద్దేశం లేదులెండి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను బండి రూపం ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు, 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని కదపొద్దంది. రాప్తాడు పక్కన మాకు నాలుగెకరాలుంది, వేరుశనగ పీకేశాక ఖాళీయే, అందులో తోలుకుంటాను, ఎవడికి నష్టం?

ఫ్రేము గురించి ఎక్కువ చెప్పను, అది బాగానే వచ్చింది. 100×50 మిల్లీమీటర్ల ఇనప గొట్టం, 4 మిల్లీమీటర్ల మందం, మూలనుంచి మూలకు రెండు వైపులా కొలిస్తే మూడు మిల్లీమీటర్లే తేడా. అంతే. వచ్చిన చిక్కంతా కింద కట్టే కమాన్ కట్టలతో, అంటే బండి బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులతో.

పాత ఇనప కొట్టులో ఒక పికప్ వ్యాను వెనక యాక్సిలు (చక్రాల ఇరుసు), దాని కట్టలు దొరికాయి. ఆ వ్యానుకు కట్టలు యాక్సిలు పైన కూర్చుంటాయి. అట్లాగే బిగిస్తే నా బండి కోళ్ళగంప మోసే వ్యానులా పైకి లేచి నిలబడుతుంది. కట్టలు యాక్సిలు కిందికి పోతే ఫ్రేము ఐదంగుళాల దాకా దిగుతుంది, అప్పుడు కదా అందం. దానికి యాక్సిలు మీద కట్టలు కూర్చునే ప్యాడ్లు కోసి కింద వైపు కొత్తగా వెల్డింగ్ చెయ్యాలి. నేను గ్రైండరు కోసం చూస్తుంటే, లారీల షెడ్డు మేస్త్రి ఒకాయన (పేరు రాయను, రాస్తే మళ్ళీ ఆ దారిన పోలేను) బీడీ నోట్లోంచి తీయకుండానే అన్నాడు:

"కొయ్యడమెందుకప్పా? హౌసింగ్‌నే బోర్లా తిప్పెయ్. ప్యాడ్లు వాటంతట అవే కిందికొస్తాయి."

హౌసింగంటే యాక్సిలును, దాని గేర్లను కప్పి ఉంచే ఇనప గుల్ల. ఎంత తేలిక! ముప్ఫై ఏళ్ళ అనుభవమంటే ఇదీ అనుకున్నాను. తిప్పించాను. వెయ్యి రూపాయలన్నాడు, ఐదొందలు చేతిలో పెట్టాను.

ఇక మిగిలింది కట్టల వెనక కొసల్ని ఫ్రేముకు తగిలించే హ్యాంగర్ బ్రాకెట్లు. కమాన్ కట్ట విల్లులా వంగి ఉంటుంది, బరువు పడితే చదునై రెండు కొసల్లోని కళ్ళ (బోల్టు పట్టే రింగుల) మధ్య పొడవు పెరుగుతుంది. ముందు కన్ను కదలదు కాబట్టి ఆ పెరిగేదంతా వెనక్కి జరుగుతుంది, అందుకే వెనక షాకిల్ అనే ఊగే పట్టీ ఉంటుంది. బరువు లేకుండా బ్రాకెట్ అతికిస్తే, రేపు బాడీ, ట్యాంకు, మనిషి ఎక్కాక షాకిల్ ఎటు పడుకుంటుందో తెలియదు. బండికింకా బాడీ లేదు, ఇంజనూ లేదు. కాబట్టి వెనక భాగం మీద ఉజ్జాయింపుగా 400 కిలోల బరువు పెట్టి అప్పుడు టాకింగ్ (చుక్కల్లా తాత్కాలిక వెల్డింగ్) చెయ్యాలి. ఎదురింట్లో స్లాబు వెయ్యడానికి దింపిన సిమెంటుంది. యాభై కిలోల బస్తాలు ఎనిమిది, రెండు గంటలు అడిగాను, సరేనన్నారు. తీరా శనివారం పొద్దున లేచి చూస్తే వాళ్ళ బేల్దారి ఆరింటికే వచ్చి మొత్తం కలిపేశాడు.

అందుకని మనుషుల్ని కూర్చోబెట్టాను.

బాత్రూం కాటా మీద ఒక్కొక్కర్నీ నిలబెట్టి తూచాను. బావ 94 (కాటా తప్పన్నాడు), బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన చిన్నాయన 61, పక్కింటి ట్యూషన్ సారు 78, తమ్ముడు 70, అప్పుడే పాలు పోయడానికొచ్చిన పాలాయన 58, మేనల్లుడు 39. కూడితే సరిగ్గా 400! మేనల్లుడు పాసంగమన్నమాట. ఉగ్గాని, బజ్జీ పెడతానని ఒప్పందం. ఫ్రేము మీద రెండు చెక్కలు అడ్డంగా వేసి, వాటి మీద గోనె పట్టాలు, మా బావకు ప్రత్యేకంగా ఆ రోజు దినపత్రిక మడిచి వేసి, ముగ్గురటూ ముగ్గురిటూ కూర్చోబెట్టాను. కట్టలు కిర్రుమని చదునైనాయి. ఎంత ముచ్చటేసిందో.

"ఇప్పుడెవరూ కదలొద్దు. మాట్లాడొద్దు. వెల్డింగ్ వెలుగు చూస్తే కళ్ళు పోతాయి, నేను చెప్పేదాకా కళ్ళు గట్టిగా మూసుకోండి."

అందరూ మూసుకున్నారు. నేను ముసుగు దించుకున్నాను. ఆ ముసుగు అద్దం సంగతి తెలుసుగా, నిప్పు వెలగనంతసేపూ అందులోంచి మంచి ఎండలో కూడా ఏమీ కనబడదు. ఎడమ బ్రాకెట్టుకు శనగగింజంత టాకింగ్ చుక్క పడింది. రెండో చుక్కకు రాడ్ ఆనించాను. వెలగలేదు. గీరాను. వెలగలేదు. రాడ్ తడిగా ఉందేమోనని ఇంకోటి తడుముకుని పెట్టాను, మళ్ళీ గీరాను. ముసుగులో చీకటి, చుట్టూ నిశ్శబ్దం, మిషను ఫ్యాను కూడా ఆగిపోయిందని నాకు తట్టలేదు. అక్కడ ఆరుగురేమో నేనింకా వెల్డింగ్ చేస్తూనే ఉన్నాననుకుని ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకుని ఉన్నారు. పాలాయన చేతులు కూడా జోడించాడట, ఎందుకో ఆయనకే తెలియదు. అంటే పొద్దున పదింటికి, మంచి ఎండలో, ఒక ఇనప చట్రం మీద ఆరుగురూ దాని పక్కన గొంతుక్కూచుని నేనూ, మొత్తం ఏడుగురం, ఏమీ కనబడకుండా, ఏమీ జరగకుండా, ఎంతసేపున్నామో చెప్పలేను.

మా ఆవిడ ఉగ్గాని తిరగమోతలోంచి బయటికొచ్చి కాసేపు చూసింది.

"ఏమన్నా మొక్కుకున్నారా?"

"కళ్ళు మూసుకో, వెల్డింగ్ జరుగుతోంది!" అని అరిచాను ముసుగులోంచి.

"కరెంటు పోయి పది నిమిషాలైంది."

ముసుగెత్తాను. వాళ్ళు కళ్ళు తెరిచారు. బావ దిగబోయాడు. అక్కడే నా తెలివి పూర్తిస్థాయిలో పనిచేసింది. ఎడమ వైపు పడింది ఒక్క చుక్క, కుడి బ్రాకెట్ క్లాంపు మీదే వేలాడుతోంది. వీళ్ళు దిగితే కట్ట మళ్ళీ విల్లవుతుంది, ఆ చుక్క ఊడుతుంది, పొద్దుటి నుంచి పట్టిన కొలతంతా గంగలో కలుస్తుంది.

"దిగొద్దు! ఎవరూ కదలొద్దు! ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది."

కరెంటాఫీసుకు ఫోన్ చేశాను. ఒక రికార్డు గొంతు నన్ను ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యమంది, కట్ చేసింది. మళ్ళీ చేశాను, మళ్ళీ ముఖ్యమంది. నాలుగోసారి ఒక మనిషి ఎత్తి, "ఎల్‌సీ తీసుకున్నారు సార్, లైను ఆపినారు, కొమ్మలు కొడతాండారు, పేపర్లో వేశాం కదా చూసుకోలేదా" అన్నాడు, చూసుకోకపోవడం నేరమన్నట్టు. ఏ పేపరు? మా బావ కింద మడిచి పెట్టిన పేపరు. ఆయన దిగకుండా అది తీయడమెట్లా? మేనల్లుడు ఒక పక్కనుంచి లాగితే సగం చిరిగొచ్చింది. చిరిగిన ముక్కలో "మధ్యాహ్నం 12 గంటల వరకు" అని ఉంది. పన్నెండు దాకా అని అచ్చేసి ఒంటిగంట ఇరవైకి ఇచ్చారు, అది వేరే సంగతి.

ఉగ్గాని ప్లేట్లు చేతికందించాం. తిన్నారు. తిన్నాక బరువు పెరిగింది కాబట్టి లెక్క మారిందని తమ్ముడన్నాడు, వాడి మాట పట్టించుకోలేదు. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో రోబోలు వెల్డింగ్ చేస్తాయంట అని కూడా అన్నాడు, అదీ పట్టించుకోలేదు. పదకొండు కల్లా వేపచెట్టు నీడ కదిలిపోయింది, మావాళ్ళు కదల్లేదు. గొడుగులు తెచ్చాను. పాలాయన క్యాన్లు ఎండలో ఉన్నాయి, పాలు విరిగితే ఎవరిస్తారన్నాడు, మా ఆవిడ పన్నెండు లీటర్లూ లోపలికి మోసుకుపోయి విడతలవారీగా కాచింది, నా వైపు చూడకుండా. ఆయనకు వీధిలో ఇళ్ళనుంచి వరసగా ఫోన్లు. "ఇప్పుడు రాలేనమ్మా, కార్లో కూచోనుండా" అని అందరికీ చెప్పాడు, ఆ ఒక్కడి గొంతులోనే కాస్త గర్వముంది. మేనల్లుడికి అర్జంటైంది. వాణ్ని దింపి, 25 కిలోల బియ్యం మూట, దానిమీద మా అవ్వనాటి పొత్రం పెట్టాం, 39 దగ్గరదగ్గర సరిపోయింది. వాడు తిరిగి రాలేదు. అందరిలోకీ తెలివైనవాడు వాడే.

మధ్యలో చిన్నాయన రెండుసార్లు వంగి కిందికి చూశాడు. "అబ్బీ, ఈ ఆయిలు యాడ్నుంచి కారుతాందిరా?" అన్నాడు.

"చిన్నాయనా, వంగొద్దు. ఒక పక్కకు ఒరిగితే కొలత పోతుంది."

"అది కాదురా, నేను చెప్పేది..."

"తర్వాత చెబుదువులే."

సారేమో రెండుమూడుసార్లు, క్లాసులో పిల్లాడిలా, చెయ్యెత్తాడు. "చెయ్యి దించండి సార్, బరువు మారుతుంది" అన్నాను. చెయ్యెత్తితే మనిషి బరువు మారదని ముప్ఫై ఏళ్ళుగా ఫిజిక్స్ చెప్పే ఆయనకు నేను చెప్పిన మాట అది. పాపం, దించాడు.

పన్నెండుంపావుకు సారు ఇక ఆగలేదు. జేబులోంచి చాక్‌పీసు తీసి, గొడుగు ఇంకో చేతికి మార్చుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"బ్రాకెట్ ఎక్కడుందో ఫ్రేము మీద గీత గీసుకుంటే మేము దిగొచ్చేమో కదండీ? కరెంటొచ్చాక ఆ గీత మీద వెల్డింగ్ చేసుకోవచ్చు."

ఎవరూ మాట్లాడలేదు. కాకి కూడా అరవలేదు.

"ఇంతసేపూ చెప్పలేదేం సార్?" అన్నాడు బావ.

"కదలొద్దు, మాట్లాడొద్దు అన్నారు కదా."

గీశాను. రెండు వైపులా, చుట్టూ, చేతులు వణుకుతుంటే. దిగండి అన్నాను. సారు దిగాడు, తమ్ముడు దిగాడు, పాలాయన కాచిన పాలు తీసుకుని వెళ్ళిపోయాడు. కట్టలు టక్కున పైకి లేచాయి, ఎడమ వైపు నా శనగగింజ ఊడి ఎక్కడో పడింది. చిన్నాయన మాత్రం దిగీదిగగానే ఫ్రేము కింద దూరాడు. నడుం నొప్పని నిన్నటిదాకా కుర్చీలోంచి లేవలేదన్న మనిషి, చెప్పులు విప్పి మరీ దూరాడు. వేలికి అంటిన తొంభై నంబరు గేరు ఆయిలు నాకు చూపించాడు.

"గాలి పోయే బ్రీదరు పైకుండాల. ఇది కిందికి చూస్తాంది. హౌసింగ్ బోర్లా తిప్పినావా?"

"ప్యాడ్లు కిందికి రావాలని..."

"ప్యాడ్లొచ్చినాయి. దాంతోపాటు లోపల చక్రాల్ని తిప్పే క్రౌను గేరు కూడా, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు ఈ పక్కనుంచి ఆ పక్కకు పోయింది. నువ్వు ఫస్టు గేరేస్తే బండి వెనక్కి పోతాది. సెకండేస్తే ఇంకా జోరుగా పోతాది." లెక్కపెట్టినట్టు వేళ్ళు మడిచాడు. "నాలుగు రివర్సులు, ముందుకొకటి. ఇదే కదరా రెండు గంటల్నుంచి చెప్పబోతాండా."

మేస్త్రికి అప్పటికప్పుడే ఫోన్ చేశాను. అంతా విన్నాడు. అవతల బీడీ పీల్చిన చప్పుడు కూడా వినబడింది.

"చేన్లోనే కదా నువ్వు తోలేది? ముందుకు పోతే ఏముంది, వెనక్కి పోతే ఏముంది? ఆ మిగతా ఐదొందలు ఎప్పుడిస్తావప్పా?"

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే బావ ఇంకా ఫ్రేము మీదే కూర్చుని ఉన్నాడు, గొడుగు పట్టుకుని. దిగు బావా, అయిపోయింది అన్నాను. కాళ్ళు రెండూ తిమ్మిరెక్కాయి, కదపొద్దన్నాడు.