"మీకిష్టమైన పాటేదండీ?" అను విచారణ పద్ధతి

విజయవాడలో "మీ ఇంటిపేరేంటండీ?" అని మొహం మీదే అడగడం ఈ మధ్య మర్యాద కాదంటున్నారు. మంచిదే. దాని బదులు "మీ అభిమాన హీరో ఎవరండీ?" అని అడుగుతున్నాం. తెలియాల్సింది తెలిసిపోతుంది, పైగా ఎదుటివాడు సంతోషంగా చెబుతాడు. ఎప్పుడైనా లెక్క తప్పిన జవాబొస్తే కాసేపు ఆయన్ని తేరిపార చూసి, "అమ్మగారి తరఫువాళ్ళు అటేమోలే" అని సరిపెట్టుకుంటాం.

ఈ గొడవ వద్దనే మేం కొందరం హీరోల్ని వదిలేసి గాయకుణ్ణి పట్టుకున్నాం. పొద్దున్నే స్టేడియంలో నడిచే ఎనిమిది మందిమి, ఘంటసాల మాస్టారి అభిమానులం. నడక అరగంట. ఆ తర్వాత గాంధీనగర్‌లో వెన్న వేసిన ఇడ్లీ ముప్పావుగంట. డాక్టరు చెప్పినదాంట్లో సగం పాటిస్తున్నాం గనక ఎవరికీ మనసులో తప్పు చేస్తున్నామన్న బాధ లేదు.

కొత్తవాడెవరైనా మా బల్ల దగ్గర కూర్చుంటే ఉద్యోగమేంటి, పిల్లలెందరు, షుగరెంత అని మేం అడగం. అది పాతకాలపు పద్ధతి. ఇష్టాలు అడుగుతాం. మనిషి ఇష్టాల్లోనే పట్టుబడతాడని మా నమ్మకం. ముందు మేం అడగాలి, ఆయన చెప్పాలి. తర్వాత ఆయన అడగాలి, మేం చెప్పాలి. రూలైతే ఇదే. రెండో సగం దాకా మాత్రం చాలాకాలం ఎవరూ రాలేదు.

మొదటి ప్రశ్న పైకి తేలికగానే ఉంటుంది. "మాస్టారి పాటల్లో మీకు బాగా ఇష్టమైందేదండీ?" అందరికీ తెలిసిన పాట చెప్పారో, అయిపోయారు. లెక్చరర్‌గారు "ఆఁ, మంచి పాటే" అంటారు. పెళ్ళిచూపుల నుంచి బయటికొచ్చి "పిల్ల బాగానే ఉంది" అంటారు చూడండి, ఆ దీర్ఘంలో ఎంత బరువుంటుందో ఇక్కడా అంతే. కాబట్టి ఎవరికీ తెలియని పాట చెప్పాలి. సినిమాలోది కాని ప్రైవేటు రికార్డయితే మర్యాద ఇంకాస్త పెరుగుతుంది. అలాగని పుష్పవిలాపం చెబితే లాభం లేదు, అది ఊరందరికీ వచ్చు. (గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు తప్పకుండా అదే చెబుతారు. ఆ పద్యాలు రాసిన కరుణశ్రీ గారు అక్కడి ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పారు మరి. వాళ్ళని సొంతూరి అభిమానం కింద పాస్ చేసేస్తాం.)

పాత 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పాడేది. మావాళ్ళకి మొదటి వైపు పాట ఇష్టమని చెప్పుకోవడం నామోషీ. రికార్డు తిరగెయ్యాల్సిందే. బీసెంట్ రోడ్డు బట్టలకొట్టాయన పోయిన వేసవిలో ఒక పాట పేరు చెప్పాడు. మాలో ఎవరూ అది వినలేదు. ఆయన కూడా వినలేదని నా అనుమానం. కానీ ఆ రోజు నుంచి ఇడ్లీ ముందు ఆయనకే వస్తోంది.

రెండో ప్రశ్న గొయ్యి. "పాడినవి సరే, మాస్టారు బాణీ కట్టినవాటిలో?" పాపం కొత్తాయన ఉత్సాహంగా మాయాబజార్లో పడవ పాట చెబుతాడు. తెరమీద సంగీతం ఘంటసాల అనే పడుతుంది గదా. లెక్చరర్‌గారు కాఫీ గ్లాసు కిందపెడతారు. ఆ సినిమాకి ముందు పనిచేసింది సాలూరి రాజేశ్వరరావు గారనీ, నాలుగు పాటలకి బాణీలిచ్చి తప్పుకున్నారనీ, ఈ లాహిరి ఆ నాలుగింట్లోదేననీ నిదానంగా చెబుతారు. చెప్పేది నిజమే. కాకపోతే నిజాన్ని అంత ఆనందంగా చెప్పేవాణ్ణి నేను ఇన్‌కంటాక్సు వాళ్ళలో తప్ప చూడలేదు.

ఆ సినిమా వచ్చిన 1957లోనే మా ఊళ్ళో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 70 గేట్లు. రోజూ వేలమంది దానిమీద అటూ ఇటూ తిరుగుతుంటారు. మీకిష్టమైన గేటేదని ఇంతవరకు ఎవరూ ఎవర్నీ అడగలేదు. 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి గుద్దినప్పుడు ఎన్నో గేటని అడిగాం గానీ, అది అభిమానంతో అడిగింది కాదు.

ఇంత జాగ్రత్తపడ్డా హీరోలు దొడ్డిదారిన రానే వచ్చారు. మాస్టారు రామారావు గారికీ పాడారు, నాగేశ్వరరావు గారికీ పాడారు. ఎవరికి తగ్గట్టు వాళ్ళకి గొంతు మార్చేవారని మేమంతా ఒప్పుకుంటాం. ఎవరికి ఇంకా బాగా పాడారన్న దగ్గరే తేడా వస్తుంది. రామారావు గారి నిమ్మకూరు, నాగేశ్వరరావు గారి రామాపురం, మాస్టారు పుట్టిన చౌటపల్లి, మూడూ గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళే. ముగ్గురూ ఒకే బస్టాండులో దిగి ఇంటికి పోవాల్సినవాళ్ళు. వాళ్ళ పేరుమీద మా బల్ల రెండయింది. ఆయన పక్షం వాళ్ళు ఇడ్లీలో వెన్న వేయించుకుంటారు, ఈయన పక్షం వాళ్ళు కారప్పొడి. ఎందుకలా పంచుకున్నామో ఎవరికీ గుర్తులేదు. నేను మాత్రం ఇంట్లో రెండూ తింటాను.

ఇష్టాలు ఊరందరికీ చెప్పుకునే జబ్బు మాతో మొదలైంది కాదు లెండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కోరిన పాటల కోసం జనం కార్డులు రాసేవాళ్ళు. ఫలానా ఊరి నుంచి ఫలానావారు, వారి శ్రీమతి, పిల్లలు, పక్కింటివాళ్ళు అని వరసగా చదివేవాళ్ళు. మూడు నిమిషాల పాటకి ముందు ఊరి ఓటర్ల జాబితా. మా నాన్న కూడా ఒకసారి మాకు చెప్పకుండా 15 పైసల కార్డు రాసి పడేశాడు. పేరు చదివిన రోజు మా ట్రాన్సిస్టర్లో సెల్లు అయిపోయింది. పక్కింటి పిన్నిగారు పరిగెత్తుకొచ్చి "మీ పేరు చెప్పారండోయ్" అంది. ఏ పాటో ఆవిడకి గుర్తులేదు. ఏ పాటని అడిగితే నాన్న "ఏదోలే" అన్నాడు. ఆయనకిష్టమైన పాటేదో నాకిప్పటికీ తెలీదు. మా బల్ల దగ్గర కూర్చున్న బయటివాళ్ళవి ఒక నలభై మందివి తెలుసు.

సరే, అసలు సంగతికొస్తాను. కిందటి నెల ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే ఒకాయన వచ్చి మా పక్కన కూర్చున్నాడు. మొదటి ప్రశ్నకి అందరికీ తెలిసిన పాటే చెప్పాడు. "మంచి పాటే" అన్నారు లెక్చరర్‌గారు. "అవునండీ" అన్నాడాయన, అక్కడ దెబ్బ తగిలిందని కూడా తెలుసుకోకుండా. రెండో ప్రశ్నకి గోతిలో పడి, లేచి, "ఓహో, అది వారిదాండీ" అని సంతోషించాడు. ఇలాంటివాళ్ళతో చాలా కష్టం. తర్వాత రూలు ప్రకారం తన వంతు అడిగాడు.

"మాస్టారిది ఏ పాట వస్తే మీరు కట్టేస్తారండీ?"

బల్ల నిశ్శబ్దమైపోయింది. ఇది మా సిలబస్‌లో లేదు. అభిమాని అన్నవాడికి ఇష్టం లేనిదంటూ ఉండొచ్చా అన్న మౌలికమైన సమస్య ముందు తేలాలని నేను గొంతు సవరించుకునే లోపల, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆయన నోరు విప్పాడు. మామూలుగా ఎక్కువ మాట్లాడడు. కారప్పొడి పక్షం.

"గీతండీ. భగవద్గీత."

మాస్టారు ఆఖరి రోజుల్లో పాడింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. ఆ తర్వాత మన దగ్గర ఏ ఇంట్లో మనిషి పోయినా వాకిట్లో ఆ గొంతే వినిపిస్తుంది. బజారులో ఎక్కడైనా అది మోగితే, ఎవరింట్లోనా అని బండి స్లో చేసి చూస్తాం.

"నాలుగేళ్ళయింది. పొద్దున్నించి సాయంత్రం దాకా మా గుమ్మం ముందు అదే పెట్టారు. అబ్బాయి అమెరికా నుంచి వచ్చేదాకా ఉంచాలి గదా" అన్నాడు గార్డుగారు. ఎవరని ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. ఈయన మా బల్ల దగ్గరికి వచ్చి రెండేళ్ళు. ఆయనకిష్టమైన పాటలు నేను రాగాలతో సహా చెప్పగలను.

లెక్చరర్‌గారికి ఏదో ఒకటి అనాలనిపించినట్టుంది. మంచివాడే, అలవాటు అలాంటిది.

"అందులో... ముఖ్యంగా ఏ శ్లోకమండీ?" అన్నారు.

ఆటోనగర్ ఆయన లేచి, గార్డుగారి ముందు చల్లారిపోయిన ప్లేటు తీయించి, వేడిగా ఇంకో రెండు ఇడ్లీలు తెమ్మని చెప్పాడు. వెన్నా, కారప్పొడా అని మాత్రం అడగలేదు. రెండూ వేయించాడు.